ప్రశాంతమైన ఊరు కావలెను

ఇల్లు వెతకడానికి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ బస్సు దిగగానే కాసేపు కదలకుండా నిలబడి చెవులు రిక్కించేవాణ్ణి. చూసేవాళ్లకి దారి తప్పినవాడిలా కనపడి ఉంటాను. నేను మాత్రం ఆ ఊళ్లో చప్పుడు ఎంతుందో కొలుస్తున్నాను. ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి, కొలవకుండా ఏదీ నమ్మే అలవాటు లేదు. కొలిచి కూడా తప్పు లెక్క తేల్చే అలవాటు ఉందని తర్వాత తెలిసింది.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిది. మా అమ్మాయికి ఐదు. మా ఆవిడ పోయి మూడేళ్లు దాటింది. ఎలా పోయిందని ఎవరైనా అడిగితే "జ్వరం వచ్చిందండీ" అని ఊరుకునేవాణ్ణి. అడిగినవాళ్లు ఇంకా పెద్ద కథ ఏదో వస్తుందని కుర్చీ ముందుకు జరుపుకునేవాళ్లు. రాదు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఏడవాల్సినదంతా బంధువులు నా వాటా కూడా కలుపుకుని ఏడ్చి వెళ్లారు.

తొంభైల చివర్లో మేం పటమటలో ఒక పాత డాబా ఇంట్లో వెనక పోర్షన్లో ఉండేవాళ్లం. అదే వరండాకి అటు చివర ఒక ముస్లిం కుటుంబం. ఆయనకి ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని. ఆవిడ ఇంట్లోనే మిషను కుట్టేది. జాకెట్లు, లంగాలు, జూన్ వస్తే స్కూలు యూనిఫాములు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. మా అమ్మాయి ఖాలా అనేది, వాళ్ల భాషలో పిన్నీ అన్నట్టు.

నేను పనిచేసే ఇంటర్ కాలేజీలో స్టడీ అవర్లు కోడి కూతతో పోటీ పడేవి. నేను బయల్దేరేటప్పుడు పిల్లని నిద్రలోనే భుజాన వేసుకుని వరండా అటు చివరికి తీసుకెళ్లి అప్పగించేవాణ్ణి. లేచాక మొహం కడగడం, రెండు జడలు వెయ్యడం, తినిపించడం, రిక్షా ఎక్కించడం, అన్నీ అక్కే. స్కూలు నుంచి వచ్చాక మధ్యాహ్నం మిషను పక్కన కత్తిరింపుల గుట్ట మీద పడుకునేది. నెత్తిన మిషను టకటకమని కొట్టుకుంటూ ఉంటే దీనికి అంత నిద్ర ఎలా పట్టేదో! సాయంత్రం నేను వెళ్లి లేపితే జుట్టులో దారప్పోగులు, చెంప మీద గుడ్డ మడత అచ్చు. పిల్లని పెంచింది నేనే అని కోర్టులో నిరూపించాల్సి వస్తే నా తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆదివారాలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు.

చప్పుడు సంగతి చెప్పాలి. ముందు బందరు రోడ్డు లారీలు, వెనక ఆటోనగర్ సుత్తులు, మధ్యలో మా వరండాలో పంపు దగ్గర బిందెల తగాదా, వీటన్నిటికీ తాళం వేస్తూ అక్క మిషను. "ఈ ఇంట్లో ఆలోచన అనేది పుట్టదు, పుట్టినా చెవుడొచ్చి పోతుంది" అనేవాణ్ణి. అక్క మిషను ఆపకుండానే, "ఆలోచించి ఏం చేస్తావు తమ్ముడూ, బియ్యం కడిగిపెట్టు" అనేది.

ఒకసారి గుడివాడ నుంచి మా మేనత్త వచ్చింది. మా అమ్మాయి ఆటలో ఉండి, అటు తిరిగే "ఖాలా, పానీ" అంది. మా అత్త చేతిలో కాఫీ గ్లాసు గాల్లో ఆగింది.

"ఒరే, ఇది మన పిల్లేనంటావా?"

"ఆసుపత్రి కాగితాలున్నాయత్తా, తెమ్మంటావా?"

"ఎగతాళికేం, చేస్తావు. రేపు దీనికి సంబంధాలెట్టా వస్తాయిరా?"

"ఇప్పుడు యూకేజీ అత్తా. ఒకటో క్లాసు పాసయ్యాక మొదలెడదాంలే."

అత్త నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి మామూలు గొంతుతో, "వాళ్లు మంచోళ్లేరా, నేను కాదన్నానా? తండ్రివి నువ్వు బతికుండగా పిల్ల పక్కింట్లో పెరగడమేంటి అంటున్నా" అంది.

నాటకం వేస్తే గాలి తీసెయ్యడం నాకు చేతనవును. మామూలు గొంతుతో అన్న మాటని ఏం చెయ్యాలో తెలియదు. అది లోపలికి వెళ్లి కూర్చుంది. అత్త బస్సెక్కిపోయింది, మాట ఎక్కలేదు.

ఆ తర్వాతే నేను ప్రశాంతమైన ఊరు వెతకడం మొదలుపెట్టాను. పది నుంచి నాలుగు దాకా పని ఉండే చిన్న కాలేజీ, పిల్ల నడిచి వెళ్లగలిగే స్కూలు, లారీలు లేని వీధి. "పాప కోసమే, ఇక్కడ మరీ రొదగా ఉంది" అని స్టాఫ్ రూమ్‌లో చెప్పాను, అక్కకి చెప్పాను, చెప్పి చెప్పి నేను కూడా నమ్మాను. అబద్ధం కాదు. పిల్లని నేనే పెంచుకోవాలనుకున్నాను. ఆ కోరిక మంచిదే కాబట్టి దాని మీద అనుమానం రాలేదు.

మొదట ఉయ్యూరు చూశాను. నేను వెళ్లింది చెరుకు గానుగాడే కాలం. ఫ్యాక్టరీ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా చెరుకు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరంతా మడ్డి వాసన. టీ కొట్టాయన్ని "ఈ ఊరు ప్రశాంతంగా ఉంటుందాండీ?" అని అడిగాను.

"ఫ్యాక్టరీ ఆగితే ప్రశాంతమేనండి."

"ఎప్పుడాగుతుంది?"

"ఆగకూడదండీ బాబూ! ఆగితే మేమంతా ఏడవాలి."

తర్వాత చల్లపల్లి. అక్కడ ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం ఖాయమైంది. కోట వైపు వెళ్లే రోడ్డుకి కాస్త లోపలగా, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారింట్లో పోర్షన్ ఖాళీ ఉందన్నారు. మాస్టారు వాలుకుర్చీలోంచి లేవకుండానే ఇంటర్వ్యూ చేశారు.

"ఫ్యామిలీకే ఇస్తామండీ. బ్యాచిలర్లకివ్వం."

"ఫ్యామిలీయేనండి. నేను, మా పాప."

"మరి ఆవిడ?"

"లేరండి."

"పుట్టింటికెళ్లారా?"

"ఇంకొంచెం దూరం వెళ్లారండి."

మాస్టారికి అర్థం కావడానికి క్షణం పట్టింది. లోపల్నుంచి వాళ్లావిడ వచ్చి, ఆయన్ని చూపుతోనే కసిరి, నాకు మజ్జిగ ఇచ్చారు. ఇల్లు ఇచ్చేశారు. ఆవిణ్ణి పిన్నిగారూ అనడం ఆ రోజే మొదలుపెట్టాను. బయటికొచ్చి వీధిలో నిలబడి చెవులు రిక్కించాను. మిట్ట మధ్యాహ్నం. ఎదురింటి పాకలో గేదె నెమరు వేస్తున్న చప్పుడు వినపడింది. గేదె నోరు వినపడే ఊరు! ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అక్కకి చెప్పినప్పుడు మిషను ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "మంచిదే తమ్ముడూ, పిల్ల నీ దగ్గరుంటుంది" అంది, గుడ్డ మీంచి చూపు తిప్పకుండా. ఆ జాకెట్టు చెయ్యి కుట్టడం పూర్తయ్యాక ఆపి, "పాలు పొంగించడానికి ఎవరొస్తున్నారు?" అని అడిగింది. కొత్త ఇంట్లో దిగేటప్పుడు ఆడమనిషి పాలు పొంగించాలని పిన్నిగారు ఖచ్చితంగా చెప్పారు. మేనత్తకి మోకాళ్ల నొప్పులు. "నువ్వే రా అక్కా" అన్నాను.

వచ్చింది. సామాను మినీ లారీలో, మేం బస్సులో. ఇంట్లోకి రాగానే బురఖా తీసి చిలక్కొయ్యకి తగిలించి, చీర కుచ్చిళ్లు బిగించి స్టవ్ వెలిగించింది. పిన్నిగారు ఒకసారి బురఖా వైపు, ఒకసారి నా వైపు చూశారు. పసుపూ కుంకుమా తనే తెచ్చి గిన్నెకి పెట్టి గుమ్మంలో నిలబడ్డారు.

పటమటలో పుట్టి పెరిగిన మనిషికి పాలు పొంగించడమంటే తెలియదా అంటే తెలుసు. ఎన్నో గృహప్రవేశాలకి వెళ్లింది, భోంచేసింది. కానీ ఆ గిన్నె ముందు తను నిలబడటం ఎప్పుడూ లేదు. పాలు పొంగాలని తలకి తెలుసు, పొంగకుండా చూడాలని చేతికి తెలుసు. చెయ్యి ముందు కదిలింది. పాలు అంచు దాకా వచ్చేసరికి టక్కున మంట తగ్గించి, గరిటె పెట్టి తిప్పి, ఉఫ్ ఉఫ్ అని ఊదేసింది. పాలు బుద్ధిగా కిందికి దిగాయి.

"అయ్యో, పొంగనివ్వమ్మా!" అన్నారు పిన్నిగారు.

"చిక్కటి పాలండీ! పొంగితే సగం పోతాయి."

"పోవాలనే కదమ్మా పెట్టింది!"

అక్క నాలిక కరుచుకుంది. కరుచుకుని కూడా నా వైపు తిరిగి, "తమ్ముడూ, పిల్లకి వేరే పాలున్నాయా మరి?" అని అడిగింది.

పిన్నిగారికి నవ్వాగలేదు. మళ్లీ మంట పెంచారు. రెండోసారి పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. పడుతున్నంతసేపూ అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది, ఎక్కడ అవి మళ్లీ వెళ్లి ఆపేస్తాయో అని.

సాయంత్రం ఆవిణ్ణి విజయవాడ బస్సెక్కించి వచ్చాం. మా అమ్మాయి ఏడవలేదు, చెయ్యి కూడా ఊపింది. ఎంత ధైర్యం అనుకుని మురిసిపోయాను. ఇంటికొచ్చాక గదులు రెండూ తిరిగి చూసి, "నాన్నా, ఖాలా మిషను ఏ గదిలో పెడదాం?" అంది. ఇల్లు మారుతున్నామని దానికి చెప్పాను. ఎవరెవరం అన్నది విడమర్చి చెప్పాల్సిన సంగతి అనుకోలేదు. పైగా పాలు పొంగించినవాళ్లదే ఇల్లు అని పిన్నిగారు పొద్దున్నే చెప్పి ఉన్నారట.

ఖాలా రాదని చెప్పాను. సరే అంది. ఐదేళ్ల పిల్ల సరే అన్నదంటే తండ్రి అనేవాడు కంగారు పడాలి. నేను వంట మొదలుపెట్టాను.

ఊరిది ఏ తప్పూ లేదు. ఇది గట్టిగా చెప్పాలి. పిన్నిగారు కూర పంపేవారు. మాస్టారు ఎక్కాలు చెప్పేవారు. స్కూలు వీధి చివరే, వదిలాక నేను కాలేజీ నుంచి వచ్చేదాకా పిల్ల పిన్నిగారి కంటి కిందే. నేను జడలు వెయ్యడం నేర్చుకున్నాను. మొదట్లో ఒక జడ చెవి పైన, ఒకటి చెవి కింద వచ్చేవి. పిన్నిగారు "ఇటు రా తల్లీ, నేనేస్తా" అంటే మా అమ్మాయి నా వెనక్కి వచ్చి నిలబడేది. ఇంకో మనిషికి అలవాటు పడటం ఎందుకు, మళ్లీ ఇల్లు మారితే అనుకుందేమో. అడగలేదు, కాబట్టి తెలియదు.

మధ్యాహ్నాలు మాత్రం నిద్రపోయేది కాదు. మంచం మీద బోర్లా పడుకుని, కళ్లు తెరుచుకుని, చప్పుడు లేకుండా ఉండేది. "ఎంత బుద్ధిమంతురాలు బాబూ మీ పిల్ల, ఇంట్లో ఉన్నట్టే తెలియదు" అని పిన్నిగారు మెచ్చుకునేవారు. కొన్నాళ్లు నేను ఆ మెప్పుని నా ఖాతాలో వేసుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ప్యాంటు పొడుగు తగ్గించడానికి బజారులో టైలరు కొట్టుకి తీసుకెళ్లాను. ఆయన అంచు కుడుతున్నాడు, నేను ఏదో పేపరు చూస్తున్నాను. తిరిగి చూస్తే మా అమ్మాయి బల్ల మీద ముడుచుకుని, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. ప్యాంటు అయిపోయింది. మిషను ఆగింది. పిల్ల కదిలింది.

"ఇంకేవన్నా ఉందాండీ?" అన్నాడు టైలరు.

"ఇంకో అంగుళం తగ్గించండి."

"ఇప్పటికే పొట్టయిందండీ."

"పర్లేదు, కుట్టండి."

ఆయన నన్ను అదోలా చూసి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. పిల్ల సర్దుకుని పడుకుంది. ఆ నెలలో నా ప్యాంట్లన్నీ పొట్టివయ్యాయి. కాలేజీలో పిల్లలు నన్ను చూసి, "సార్, వరదొచ్చిందా?" అని అడిగేవాళ్లు. కాలవకి దగ్గర ఊరు, జాగ్రత్తగా ఉండాలి కదా అనేవాణ్ణి.

అక్కతో ఫోను ఉండేది. వాళ్ల పక్కన కిరాణా కొట్టు నంబరుకి నేను ఎస్టీడీ బూత్ నుంచి చేస్తే, కొట్టాయన కేకేసి పిలిచేవాడు. అక్క ఆయాసపడుతూ వచ్చేది. రిసీవరు మా అమ్మాయి చెవి దగ్గర పెడితే అది ఒక్క మాట మాట్లాడేది కాదు. తల ఊపేది. అన్నం తిన్నావా అంటే ఊపు. స్కూలు బాగుందా అంటే ఊపు. అటువైపు "మాట్లాడమ్మా, బేటా, మాట్లాడు" అని వినపడుతూ ఉండేది. నేను రిసీవరు లాక్కుని, "తలూపుతోందక్కా" అని వార్తలు చదివేవాణ్ణి. "ఎటు ఊపుతోంది?" అని అడిగేది అక్క.

ప్రతి ఆదివారం వస్తామని చెప్పి వచ్చినవాణ్ణి. మొదట్లో రెండు మూడుసార్లు వెళ్లాం. తర్వాత పేపర్లు దిద్దడం ఉండేది, ట్యూషన్లుండేవి, పిల్లకి జలుబుండేది. పైగా వెళ్లొచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి రెండ్రోజులు అన్నం ముట్టేది కాదు. వెళ్లకపోతే తినేది. అందుకని వెళ్లకపోవడమే దాని మంచికి అని ఒక సిద్ధాంతం తయారుచేశాను. ఆ సిద్ధాంతం ప్రకారం అంతా సవ్యంగా జరిగింది. పిల్ల తింది, చదువుకుంది, నెమ్మదిగా తలూపడం కూడా మానేసి "బాగున్నాను" అనడం నేర్చుకుంది. కొన్నాళ్లకి ఫోనూ పండగలకే మిగిలింది.

రెండేళ్లకి నాకు బుద్ధొచ్చిందో, ప్యాంట్లే అయిపోయాయో గాని, వెనక్కి వెళ్లిపోదామనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే పటమట వెళ్లాను. పాత పోర్షన్ ఖాళీగా ఉందేమో అడుగుదామని. ఉంది. పోర్షనే కాదు, స్థలమంతా ఖాళీగా ఉంది. అపార్ట్‌మెంట్ కోసం పునాదులు తీస్తున్నారు. వరండా ఉండాల్సిన చోట గోతిలో నీళ్లు. కిరాణా కొట్టాయన, "అందర్నీ ఖాళీ చేయించారు కదండీ, వాళ్లు సింగ్ నగర్ వెళ్లిపోయారు. మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. పాపం, ఏమని చెబుతుంది? తమ్ముడూ, నువ్వు వదిలేసిన ఇల్లు పడగొట్టారు అనా?

ఆ వచ్చే ఆదివారం మా అమ్మాయిని తీసుకుని సింగ్ నగర్ వెళ్లాను. అడ్రసు పట్టుకునేసరికి పదకొండయింది. అక్క తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, "యా అల్లా" అని పిల్లని పొట్టకి హత్తుకుంది. మా అమ్మాయి హత్తుకోనిచ్చింది. చేతులు మాత్రం పక్కనే ఉంచుకుంది. తర్వాత జడ సర్దుకుంది. ఈసారి రెండు జడలూ సమానంగా వచ్చాయి, నా పనితనం.

మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది. పటమటలో ఆవిడింట్లో నేనెప్పుడూ కుర్చీలో కూర్చోలేదు, గుమ్మంలో చతికిలబడేవాణ్ణి. లోపలికెళ్లి బీరువా తీసిన చప్పుడైంది. టీ పింగాణీ కప్పుల్లో, సాసర్లతో వచ్చింది. మా అమ్మాయికి పాలు, దాని పక్కన ప్లేటులో బిస్కెట్లు పువ్వులాగా పేర్చి. అది మోకాళ్లు దగ్గరపెట్టుకుని, "వద్దండీ, ఇప్పుడే టిఫిను చేశాం" అంది.

పిన్నిగారింట్లో పెరిగిన మర్యాద. ఎక్కడా వంక పెట్టలేం.

అక్క ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. "ఒక్కటి తీసుకోమ్మా" అంది. ఒక్కటి తీసుకుంది. "థాంక్స్ ఆంటీ" అంది. నేను, "మా ఇంట్లో బిస్కెట్ డబ్బా మూత పెట్టే పనుండదక్కా, ఇక్కడికొచ్చి మొహమాటం" అని జోకు వేశాను. అక్క నవ్వింది. మర్యాదకి నవ్వింది. ఆవిడ మర్యాదకి నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత ఏం చెయ్యాలో తోచక గౌను కుడతానంది. లేత పసుపు గుడ్డ తీసింది. టేపు తెచ్చి మెడలో వేసుకుంది. పటమటలో ఉన్నన్నాళ్లూ మా అమ్మాయికి ఎన్ని గౌన్లు కుట్టిందో, ఏనాడూ టేపు పెట్టలేదు. ఒళ్లో ఉన్న పిల్లకి కొలతలేమిటి? ఇప్పుడు భుజం కొలిచింది, నడుం కొలిచింది. మా అమ్మాయి చల్లపల్లి బజారులో టైలరు ముందు నిలబడినట్టే చేతులు పక్కకి చాపి, గోడ వైపు చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ఎంత లూజు పెట్టమంటావు?" అక్క నన్ను అడిగింది.

"నీ ఇష్టం అక్కా."

"నాకెట్టా తెలుస్తుంది తమ్ముడూ, ఎంత పెరుగుతుందో రోజూ చూసేది నువ్వు."

వెక్కిరింపు కాదు, దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. "రెండంగుళాలు పెట్టు" అన్నాను, ఏదో తెలిసినవాడిలాగా.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. తర్వాత, "నాన్నా, ఆంటీకి డబ్బులిచ్చావా?" అంది.

"దేనికమ్మా?"

"గౌనుకి."

"ఇస్తే తీసుకోదమ్మా."

"ఎందుకని?"

అలవాటు ప్రకారం ఏదన్నా చమత్కారం తడుతుందేమో అని కాసేపు చూశాను. బస్సు పామర్రులో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. అది నా మొహం వైపే చూస్తోంది, జవాబు కోసం.

"కిటికీ పక్కకి వస్తావా?" అని అడిగాను.

అప్పటికే కిటికీ పక్కన కూర్చున్నది అదే.